బట్టల కొట్లో వెల్స్

మొన్న మా మేనకోడలి పెళ్లి బట్టలకని అందరం విజయవాడ వన్‌టౌన్ వెళ్లాం. ఆడవాళ్లు పట్టుచీరల దగ్గర కూర్చున్నారు. పెట్టుబడి పంచెలూ జాకెట్టు ముక్కలూ తీసే పని నా మీద పడింది. కొట్టు కుర్రాడు లాంగ్‌క్లాత్ తాను ఒకటి తెచ్చి నా ముందు దభీమని పడేసి రెండు మడతలు విప్పాడు. గంజీ, నూలూ, బేలు కట్టిన గోనె పట్టా కలిసిన వాసన గుప్పున కొట్టింది.

"ఏంటి మావయ్యా, గుడ్డ బాలేదా?" అంది మేనకోడలు.

బానే ఉందమ్మా అన్నాను. ఆ వాసనతో ఒకప్పుడు కొన్నేళ్లు గడిపానని ఆ పిల్లకి తెలియదు. ఇంటర్ తప్పినవాళ్లూ, పాసైనా పైకి చదవడానికి డబ్బుల్లేనివాళ్లూ అప్పట్లో ఎక్కువగా ఆ బజార్లోనే తేలేవాళ్లు. నేను రెండో రకం. ఆ రోజులు తలుచుకుంటే షావుకారు గారితో పాటు ఇంకో మనిషి కూడా గుర్తొస్తాడు నాకు. ఆయన బెజవాడ ఎప్పుడూ చూడలేదు, నేను పుట్టడానికి చాలా ముందే, 1946లో పోయాడు. పేరు హెచ్.జి. వెల్స్, ఇంగ్లీషు కథల రచయిత.

*

పొద్దున్నే షట్టరెత్తి, గుమ్మంలో నీళ్లు చల్లి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు వెలిగించి, గల్లాపెట్టెకి దణ్ణం పెట్టుకుంటే కొట్టు తెరిచినట్టు. పరుపుల మీద తెల్లదుప్పట్లు బిగించి పరవడం కుర్రాళ్ల పని. ముడత కనబడితే పెద్ద గుమస్తా ఊరుకునేవాడు కాదు. ఆయన్ని అందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. మనిషి సన్నగా ఉండేవాడు, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. మాట మాత్రం బజారు చివరిదాకా వినపడేది.

గుడ్డకి కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే చర్రుమని చిరిగే శబ్దం ఉంటుంది చూడండి, రోజంతా మా చెవుల్లో అదే. పాప్లిన్ ఒకలా చిరుగుతుంది, లాంగ్‌క్లాత్ ఒకలా. టెరికాట్‌తో ఆ పప్పులు ఉడకవు, చివరిదాకా కత్తెర నడపాల్సిందే. వెనక్కి తిరిగి పద్దు రాసుకుంటూ కూడా, ఆ చప్పుడుని బట్టి ఎవడు ఏ గుడ్డ చింపాడో, ఎక్కడ వంకర పోయిందో చెప్పేసేవాడు బాబాయ్.

బోణీ బేరం తిరిగిపోతే మాత్రం ఆ పూటంతా షావుకారు గారి మొహం చూడక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బేరాలు పల్చబడేవి. ఎండాకాలమైతే బజారు బజారంతా కునుకు తీసేది. ఆ వేళల్లోనే నా చదువు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర దొరికిన అట్టలేని ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి పరుపు కింద దాచుకున్నాను. పక్కన శంకరనారాయణ నిఘంటువు. కథ కోసం కాదు, ఇంగ్లీషు వస్తుందని మొదలుపెట్టాను. రెండు పేజీలు చదివేసరికి అరపూట గడిచిపోయేది.

*

మా కొట్టుకి రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన వచ్చేవారు. మల్లు పంచె తప్ప ఇంకోటి కట్టేవారు కాదు. అది కూడా పది తానులు విప్పించి, వెలుతురుకి పెట్టి చూసి, ఒకటి తీసేవారు. ఒకసారి పరుపు కిందనుంచి తొంగిచూస్తున్న నా పుస్తకం ఆయన కంటపడింది. లాగి చూశారు.

"ఏమోయ్, వెల్స్ చదువుతున్నావా? ఈయనెవరో తెలుసా?"

"తెలీదు మాస్టారూ."

"నీలాగే గుడ్డ చింపినవాడోయ్!"

ఆ రోజు ఆయన పంచె సంగతి మర్చిపోయారు, షావుకారు గారు గుర్రుగా చూస్తున్నా పట్టించుకోలేదు. వెల్స్ 1866లో లండను పక్కన బ్రోమ్లీలో పుట్టాడు. తండ్రి చైనా పింగాణీ గిన్నెలూ క్రికెట్ బ్యాట్లూ ఒకే కొట్లో అమ్మేవాడు. కొట్టు నడిచేది కాదు. కెంట్ జట్టుకి బౌలింగ్ చేసి నాలుగు డబ్బులు తెచ్చేవాడట. 1862లో సస్సెక్స్ మీద వరసగా నాలుగు బంతులకి నాలుగు వికెట్లు తీసిన మనిషి. (ఈ ముక్క విన్న మా కొట్టు కుర్రాళ్లకి కొడుకు కంటే తండ్రే నచ్చేశాడు.) పిల్లాడికి ఏడెనిమిదేళ్లప్పుడు కాలు విరిగింది. మంచం మీద పడుకున్నన్నాళ్లూ పుస్తకాలే, ఆ పిచ్చి అక్కడ పట్టుకుంది. తర్వాత తండ్రి కాలు కూడా విరిగి క్రికెట్ సంపాదన పోయింది. తల్లి అప్‌పార్క్ అనే జమీందారీ బంగళాలో ఇంటి పెత్తనం చూసే ఉద్యోగానికి వెళ్లిపోయింది. పిల్లల్ని బట్టల కొట్లలో పెట్టింది.

సౌత్‌సీలో ఆయన పనిచేసిన కొట్లో రోజుకి పదమూడు గంటల పని. పడక కూడా అక్కడే, తక్కిన కుర్రాళ్లతో కలిసి ఒకే గదిలో. రెండేళ్లు భరించాడు. ఒక ఆదివారం పొద్దున ఏమీ తినకుండా బయల్దేరి, పదిహేడు మైళ్లు నడిచి తల్లి దగ్గరికి పోయి, ఇంక నావల్ల కాదని చెప్పేశాడు. అప్పుడాయనకి పదహారో పదిహేడో. తర్వాత ఒక బళ్లో పిల్లలకి పాఠాలు చెబుతూ తనూ చదువుకుని, స్కాలర్‌షిప్ మీద లండను వెళ్లి, డార్విన్ పక్షాన ఊరంతటితో పోట్లాడిన థామస్ హక్స్లీ దగ్గర జీవశాస్త్రం నేర్చుకున్నాడు.

"కాబట్టి గుడ్డ చింపడం తప్పేం కాదోయ్," అన్నారు మాస్టారు. లేచి వెళ్తూ, "అక్కడే ఉండిపోవడం మన ఇష్టం," అని కూడా అన్నారు. షావుకారు గారు విననట్టు చిట్టా తిరగేశారు.

*

మరుసటి వారం ఆయన తన ఇంటినుంచి 'ఇన్‌విజిబుల్ మ్యాన్' తెచ్చిచ్చారు. 1897లో వచ్చిన నవల. అందులో ఒక అధ్యాయం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

గ్రిఫిన్ అనేవాడు ఒంటిని మాయం చేసుకునే కిటుకు కనిపెడతాడు. కానీ బట్టలు మాయం కావు. అందుకని జనవరి చలిలో, లండను వీధుల్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరుగుతుంటాడు. వణికిపోయి ఒక పెద్ద కొట్లో దూరతాడు. అన్ని సరుకులూ దొరికే బహు పెద్ద కొట్టు. కొట్టు కట్టేసేదాకా పరుపుల గుట్ట మీద నక్కి చూస్తుంటాడు. ఇక్కడ వెల్స్ ఏం చూపిస్తాడంటే, కొట్టు కట్టేయడం చూపిస్తాడు! బేరగాళ్లు వెళ్లిపోగానే కుర్రాళ్లు ఎంత ఉత్సాహంగా సర్దుతారో, వేలాడదీసిన గుడ్డల్ని ఎలా లాగి మడతలు పెడతారో, మిగిలిన సరుకు మీద గోనెలాంటి ముతక గుడ్డ ఎలా కప్పుతారో, కుర్చీలు ఎత్తి బల్లల మీద ఎలా బోర్లిస్తారో. ఆ తర్వాత చిన్న కుర్రాళ్లు రంపపు పొట్టు చల్లి ఊడుస్తారు. గ్రిఫిన్ వాళ్ల కాళ్లకింద పడకుండా అటూ ఇటూ గెంతుతుంటాడు.

ఈ పేజీ చదివినప్పుడు రాత్రి తొమ్మిదవుతోంది. మా కొట్లో కూడా అదే జరుగుతోంది. ఒకడు తానులు చుట్టి అరల్లోకి విసురుతున్నాడు, ఇంకొకడు అలమారలకి పాత దుప్పట్లు దింపుతున్నాడు. పొద్దుటినుంచీ కాళ్లీడ్చుకుంటూ తిరిగినవాడు ఆ పావుగంటా ఎక్కడలేని హుషారుగా ఉంటాడు. రోజూ కొట్టు కట్టినవాడికే ఇది తెలుస్తుంది. మనిషి మాయమయ్యాడంటే నేను నమ్మానో లేదో గానీ, ఆ గోనె గుడ్డ కప్పడం దగ్గర మాత్రం పూర్తిగా నమ్మేశాను. ఒకసారి అక్కడ నమ్మితే ఇంక మిగతాది ఆయన ఏం చెబితే అదే.

గ్రిఫిన్ ఆ రాత్రి ఉన్ని లాగులూ కోటూ టోపీ తొడుక్కుని, చల్లారిన మాంసమూ కాఫీ దొరికితే తాగి తిని, రజాయిల మీద హాయిగా పడుకుంటాడు. తెల్లారేసరికి పనివాళ్లు వచ్చేస్తారు. తల లేకుండా బట్టలు మాత్రం పరిగెడుతుంటే వాళ్లు వెంటపడతారు. చివరికి కష్టపడి తొడుక్కున్నవన్నీ విప్పి పారేసి, మళ్లీ చలిలోకే. 'అయ్యో, ఆ ఉన్ని లాగైనా మిగల్లేదే' అని బాధపడ్డాడు మాలో ఒకడు.

*

అలా మధ్యాహ్నాలు నేను చదివిన కథలు వాళ్లకి చెప్పడం అలవాటైంది. బాబాయ్ విననట్టే వినేవాడు.

అందరికీ నచ్చింది పైక్రాఫ్ట్ కథ. లండను క్లబ్బులో విపరీతమైన లావుపాటి మనిషి. బరువు తగ్గడానికి మందు కావాలని ఒకాయన్ని పీక్కుతింటాడు. ఆ ఒకాయన ముత్తవ్వ హిందుస్థానీ మనిషి, ఆవిడ రాసిపెట్టిన నాటు మందుల చిట్టా ఆయన దగ్గరుంది. సరే ఛస్తే చావమని ఇస్తాడు. పైక్రాఫ్ట్ మందు తింటాడు, నిజంగానే బరువు పోతుంది. లావు మాత్రం పోదు! గాలిబుడగలా లేచి ఇంటికప్పుకి అంటుకుపోతాడు. చివరికి సీసపు రేకులు కుట్టిన లోదుస్తులు వేసుకుని నేలమీద నడుస్తాడు. మా కుర్రాళ్లు పరుపుల మీద పడి దొర్లి నవ్వారు. "సీసం లైనింగు మీటరెంత పడుద్దంటావ్?" అన్నాడు బాబాయ్, చిట్టాలోంచి తల ఎత్తకుండానే.

1894లో రాసిన 'ద స్టోలెన్ బాసిల్లస్' కథ మాత్రం అంత నవ్వులాటగా పోలేదు. ఒక అరాచకవాది డాక్టరుగారి ప్రయోగశాలనుంచి కలరా పురుగులున్న గాజు గొట్టం దొంగిలించి, ఊరి మంచినీళ్లలో కలపడానికి జట్కా ఎక్కి పారిపోతాడు. డాక్టరు ఇంకో జట్కాలో వెంటపడతాడు. ఆయన చెప్పులూ టోపీ లేకుండా పరిగెత్తాడని పెళ్లాం అవి పట్టుకుని మూడో జట్కాలో. తీరా చూస్తే ఆ గొట్టంలో ఉన్నది కలరా కాదు, కోతుల ఒంటిమీద నీలం మచ్చలు తెప్పించే ఏదో పురుగు. పుష్కరాలప్పుడు కలరా సూది వేయించుకున్నవాళ్లు మా కొట్లో ఉన్నారు. నీళ్లలో కలుపుతాడనగానే వాళ్ల నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు ఏ సినిమాలో చూసినా విలన్ చేతిలో ఒక గాజు సీసా, అది పగిలితే నగరం నాశనం అంటుంటారు. ఆ టెన్షన్ వెల్స్ వందేళ్ల కిందటే పెట్టాడు, పైగా జోకుగా.

నన్ను పట్టుకున్నది 'క్రిస్టల్ ఎగ్'. కేవ్ అనే ముసలాయనకి పాత సామాన్ల కొట్టు. కిటికీలో ఒక గాజుగుడ్డు. ఇద్దరు బేరగాళ్లు వచ్చి ధర అడుగుతారు. అయిదు పౌన్లంటాడు, తను మొదట అనుకున్న దానికంటే చాలా ఎక్కువ. వాళ్లు పోతారనుకుంటాడు, పోరు. లోపలినుంచి పెళ్లాం వచ్చి అమ్మవేం అని గోల. ఎందుకు అమ్మడంటే, చీకట్లో సరైన కోణంలో చూస్తే ఆ గుడ్డులో అంగారక గ్రహం కనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ మనిషిగా చూడని ఆ ముసలాయనకి ఉన్న సుఖం అదొక్కటే. అమ్మడం ఇష్టంలేని సరుక్కి ధర ఎలా పెంచుతారో, అలా పెంచినప్పుడు మొహం ఎలా ఉంటుందో నేను చూశాను. షావుకారు గారి దగ్గర ఒక ఉప్పాడ చీర ఉండేది. ఎవరడిగినా కొనలేని ధర చెప్పేవారు. అది ఎవరికోసం దాచారో బాబాయ్‌కి తెలుసు. చెప్పలేదు.

*

వెల్స్ చెప్పినవన్నీ నేను నెత్తిన పెట్టుకోలేదు. 'లార్డ్ ఆఫ్ ద డైనమోస్' అని 1894 నాటి కథ ఒకటుంది. లండన్లో కాంబర్‌వెల్ దగ్గర కరెంటు రైలుకి కరెంటిచ్చే డైనమోల షెడ్డు. అక్కడ పనిచేసే తూర్పుదేశం కూలీ ఒకడు ఆ పెద్ద డైనమోని దేవుడనుకుని మొక్కుతాడు, చివరికి తనని తన్నే దొరని దానికి బలిస్తాడు. ఆ కూలీని వెల్స్ వర్ణించిన తీరు చదివితే ఒళ్లు మండుతుంది. దసరాకి మీటరు బద్దకీ కత్తెరకీ తక్కెడకీ పసుపు రాసి బొట్టుపెట్టి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి నేను. యంత్రానికి మొక్కడంలో ఆయనకి కనిపించిన ఆటవికం నాకు కనిపించలేదు. ఈ మాట మాస్టారితో అంటే, "రాసినవాడు తెల్లదొరేగదటోయ్, ఎంత బట్టల కొట్టువాడైనా!" అన్నారు.

*

1991లో 'ఆదిత్య 369' వచ్చింది. కొట్టు కట్టేసి అందరం సెకండ్ షోకి వెళ్లాం, బాబాయ్‌తో సహా. కాలయంత్రం గుండ్రంగా తిరుగుతూ వెలిగిపోతుంటే హాలంతా ఈలలు. అది తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు కాలేజీ రోజుల్లో వెల్స్ 'టైమ్ మెషిన్' చదివానని, ఈ సినిమాకి బీజం అదేనని తర్వాత చెప్పారు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. అయినా పక్కనున్నవాడి డొక్కలో పొడిచి "ఇది మనదే, ఇది మనదే" అన్నాను.

"ఇదేనా నీ వెల్సు రాసింది?" అని ఇంటర్వెల్లో బాబాయ్ నిలదీశాడు. కాదు బాబాయ్, ఆయన రాయలవారి దగ్గరికి వెళ్లలేదన్నాను. వెల్స్ యంత్రం ఎక్కినవాడు నేరుగా 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. పైన ఎండలో ఎలోయ్‌లు, ఏ పనీ చేతకాని ముద్దుపిల్లలు. కింద చీకట్లో మోర్లాక్‌లు, యంత్రాలు నడిపేవాళ్లు. రాత్రయితే వాళ్లు పైకొచ్చి ఎలోయ్‌లని తింటారు. అప్‌పార్క్ బంగళాలో పనివాళ్లు దొరల కంటపడకుండా తిరగడానికి నేలకింద సొరంగాలుండేవి. ఆ పిల్లాడు తల్లి దగ్గర ఉన్నప్పుడు అవన్నీ చూసినవాడే. మా కొట్టుకి కూడా వెనక ఒక గోడౌనుండేది. దీపం లేకుండా పగలు కూడా ఏమీ కనిపించదు. బేళ్లు మోసేవాళ్లు అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్లు. బాబాయ్ ఒక నిమిషం ఆలోచించి, "అయితే సినిమాయే నయం. ఆ పుస్తకంలో పాటలెక్కడ పెడతారు?" అన్నాడు.

తెలుగువాడి చేతికి కాలయంత్రం దొరికితే ముందు కృష్ణదేవరాయల దగ్గరికే వెళ్తాడు, ఇందులో సందేహం లేదు. సింగీతం గారికి ఆ నాడి తెలుసు. భవిష్యత్తు కూడా చూపించారనుకోండి, కానీ జనం మళ్లీ మళ్లీ వెళ్లింది రాయలవారి సభ కోసం. 2025లో మళ్లీ విడుదల చేస్తే మా అబ్బాయిని లాక్కెళ్లాను. గ్రాఫిక్స్ చూసి నవ్వుతాడనుకున్నాను. 'జాణవులే' పాట దగ్గర వాడూ ఈల వేశాడు.

'టైమ్ మెషిన్' వెల్స్ ఒక్క ఊపులో రాసింది కాదు. మొదట 1888లో, ఇరవై ఒక్కేళ్లప్పుడు, తమ కాలేజీ పత్రికలో 'ద క్రానిక్ ఆర్గొనాట్స్' పేరుతో మూడు వాయిదాలు రాసి వదిలేశాడు. ఏడేళ్లు తిరగరాయగా తిరగరాయగా 1895లో ఆ నవల అయ్యింది. ఆ వెంటనే వోకింగ్ అనే ఊళ్లో కాపురం పెట్టి, సైకిలు నేర్చుకుని, చుట్టుపక్కలంతా తిరుగుతూ, తన తర్వాతి నవల్లో భూమి మీదకి దండెత్తే అంగారకుడివాళ్లు ఏ ఇల్లు కూల్చాలో ఏ వీధి తగలబెట్టాలో గుర్తులు పెట్టుకున్నాడు. అదే 'వార్ ఆఫ్ ద వరల్డ్స్'. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ (ఈయన వేరే వెల్స్) దాన్ని రేడియో నాటకంగా వార్తల ధోరణిలో వేస్తే నిజమనుకుని కొందరు హడలిపోయారు. పత్రికలు దాన్ని ఇంకా పెద్దది చేసి రాశాయి. ఇవాళ వోకింగ్ ఊరి నడిమధ్య మూడు కాళ్ల అంగారక యంత్రం బొమ్మ నిలబడి ఉంది. తమ ఊరిని పుస్తకంలో తగలబెట్టినందుకు గుడి కట్టినట్టే కదా.

*

నేను ప్రైవేటుగా బీకాం కట్టి, ఒక పరీక్ష రాసి, గుమస్తాగానే ఇంకో చోట చేరాను. ఆఫీసు గుమస్తా. మాస్టారు పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. కొట్టు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఆ కొట్లో నేను చివరగా చెప్పిన కథ 'ద మ్యాన్ హూ కుడ్ వర్క్ మిరకిల్స్'. ఫాదరింగే అని ఒక గుమస్తా. అద్భుతాలు జరగవంటే జరగవని సారాకొట్లో వాదిస్తూ, ఉదాహరణకి ఈ దీపం తలకిందులుగా వెలగమంటే వెలుగుతుందా అంటాడు. వెలుగుతుంది. అలా ఏదడిగితే అది జరుగుతుంది. ఒక రాత్రి ఇంకాస్త పొద్దు మిగలాలని భూమిని తిరగడం ఆపమంటాడు. భూమి ఆగుతుంది, దాని మీదున్న ఇళ్లూ మనుషులూ అదే వేగంతో ఎగిరిపోయి నుగ్గవుతాయి. బెంబేలెత్తి, ఈ శక్తి నాకొద్దు, అన్నీ ముందున్నట్టే ఉండాలని కోరుకుంటాడు. మళ్లీ అదే సారాకొట్టు, అదే వాదన, జరిగినదేదీ వాడికి గుర్తుండదు.

మనకే ఆ వరం వస్తే ఏం అడుగుతామని పంచాయితీ మొదలైంది. ఒకడు సొంత కొట్టు అన్నాడు, ఒకడు ఇల్లన్నాడు, ఒకడు ఎవరో అమ్మాయి పేరు చెప్పబోయి మింగేశాడు. బాబాయ్‌ని అడిగాం. పెన్సిలు చెవిమీదనుంచి తీసి, చిట్టాలో రాని బాకీలున్న పేజీ తిప్పాడు. వేలుతో ఒక్కో పేరూ తడుముకుంటూ కిందిదాకా వచ్చాడు.

"ఇవి వసూలవ్వాలని అడుగుతా," అన్నాడు. "అయినా భూమి ఆపినంత తేలిక కాదురా ఇది."